మోషన్ టెస్ట్, కడుపులో పురుగులు: బెంగళూరులోని తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ల్యాబ్ కౌంటర్ దగ్గర రక్తపరీక్ష గురించి అందరూ మామూలుగానే అడుగుతారు. మోషన్ టెస్ట్ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు, అడగాల్సినదాంట్లో సగమే అడిగి వెళ్లిపోతారు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మనవాళ్లు చాలామంది ఉన్నారు. కన్నడం అంతగా రాక, ఇంగ్లీషులో ఈ సంగతులు చెప్పుకోలేక, తెలుగు మాట వినబడగానే ప్రాణం లేచొచ్చినట్టు మాట్లాడతారు. ల్యాబ్ టెక్నీషియన్‌గా నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాశాను. ఏ మందు వేసుకోవాలో మీ డాక్టరే చెప్పాలి. శాంపిల్ ఎలా ఇవ్వాలి, రిపోర్టును ఎలా చదువుకోవాలి అన్నది మాత్రం నేను చెప్పగలను.

చీటీలో "స్టూల్ రొటీన్" అని రాశారు. అందులో ఏం చూస్తారు?

ముందు కంటితో చూస్తాం. రంగు, గట్టిగా ఉందా పల్చగా ఉందా, జిగట, రక్తం, పురుగు గానీ దాని ముక్క గానీ ఏమైనా ఉందా అని. తర్వాత ఒక గాజు పలక మీద ఒక పక్క సెలైన్ చుక్క, ఇంకో పక్క అయోడిన్ చుక్క వేసి, రెండింట్లోనూ అగ్గిపుల్ల కొనకు అంటినంత మలం కలిపి, పైన కవర్ స్లిప్ పెట్టి మైక్రోస్కోప్ కింద చూస్తాం. సెలైన్‌లో బతికున్న జీవులు కదులుతూ కనిపిస్తాయి. జియార్డియా (విరేచనాలు తెచ్చే ఒక సూక్ష్మజీవి) అయితే రాలే ఆకులా అటూ ఇటూ ఊగుతుంది. అయోడిన్ పడితే అవి చచ్చిపోతాయి, కానీ సిస్టుల (గట్టి పొర కప్పుకున్న రూపం) లోపలి కేంద్రకాలు స్పష్టంగా తేలతాయి. అందుకే రెండూ కావాలి.

ఏలికపాము గుడ్డు చిన్న లెన్స్‌లోనే దొరుకుతుంది. జియార్డియా సిస్టు 8 నుంచి 12 మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) కాబట్టి పెద్ద లెన్స్‌తో ఓపికగా వెతకాలి. ఒక్కో పలకా మొత్తం చూడాలంటే టైం పడుతుంది. రద్దీగా ఉన్న ల్యాబుల్లో అంత టైం ఇవ్వడం లేదన్నది నా బాధ.

ఒకసారి చేయించాం, "నాట్ సీన్" అని వచ్చింది. అంటే పురుగులు లేనట్టేనా?

కాదు. ఆ రోజు, ఆ చిన్న ముక్కలో కనబడలేదని మాత్రమే. ఈ పేజీలో మిగతావన్నీ వదిలేసినా ఈ ఒక్క జవాబు చదవండి.

మేం పలక మీద పెట్టేది సుమారు 2 మిల్లీగ్రాముల మలం. ఆడ ఏలికపాము రోజుకు దాదాపు 2 లక్షల గుడ్లు పెడుతుంది కాబట్టి అంత చిన్న చుక్కలోనూ దొరికిపోతుంది. జియార్డియా అలా కాదు. కొన్ని రోజులు సిస్టులు విపరీతంగా పడతాయి, కొన్ని రోజులు అసలు ఉండవు. అమీబా కూడా అంతే. ఇంకో సంగతి, ఏలికపాము గుడ్డు కడుపులోకి వెళ్లాక అది పెరిగి గుడ్లు పెట్టే స్థితికి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ మధ్యలో పురుగు ఉన్నా గుడ్లు ఉండవు. మగ పురుగులు మాత్రమే ఉన్నా అంతే.

అందుకే పరాన్నజీవుల మీద నిజంగా అనుమానం ఉంటే మూడు శాంపిళ్లు అడుగుతారు, రోజు విడిచి రోజు, మొత్తం పది రోజుల లోపల. డబ్బులు గుంజడానికి మూడుసార్లు రమ్మంటున్నారని కొందరు కోప్పడతారు. ఒకే రోజు మూడు డబ్బాలు నింపి తెచ్చేవాళ్లూ ఉన్నారు. ఒకే రోజుది ఎన్ని డబ్బాలైనా ఒక్క శాంపిల్ కిందే లెక్క.

ల్యాబును ఇంకో మాట అడగండి: "కాన్సంట్రేషన్ చేస్తారా?" అని. మలాన్ని ఫార్మలిన్‌లో కలిపి, వడకట్టి, ఈథర్ గానీ ఎథిల్ ఎసిటేట్ గానీ పోసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే కొవ్వూ చెత్తా పైకి తేలి, గుడ్లు, సిస్టులు అడుగున చేరతాయి. ఆ అడుగున ఉన్నదాన్ని చూస్తే కొద్దిపాటి గుడ్లు కూడా బయటపడతాయి. చిక్కటి ఉప్పు నీళ్లలో గుడ్లను తేల్చే పద్ధతీ ఉంది. కొంకిపురుగు (హుక్‌వార్మ్) గుడ్లకు అది బాగా పనికొస్తుంది గానీ, బద్దెపురుగు (టేప్‌వార్మ్) గుడ్లు అందులో తేలవు.

శాంపిల్ ఎలా పట్టాలి? మా ఇంట్లో వెస్టర్న్ కమోడ్ ఉంది.

కమోడ్ సీటు ఎత్తి, అంచుల మీద శుభ్రమైన ప్లాస్టిక్ కవర్ వదులుగా పరిచి, సీటు దించండి. ముందు మూత్రం పోసేసి, తర్వాతే కూర్చోండి. మూత్రం తగిలితే బతికున్న అమీబా, జియార్డియా చచ్చిపోతాయి. కమోడ్‌లో నీళ్లలో పడింది తీసి ఇవ్వకండి. ఆ నీళ్లలో బతికే జీవులు కూడా పలక మీద తిరుగుతూ మమ్మల్ని తికమకపెడతాయి. ఇండియన్ టాయిలెట్ అయితే నీళ్లు పోయకముందే కాగితం వేసుకోండి.

గట్టిగా ఉంటే నిమ్మకాయంత, పల్చగా ఉంటే రెండు మూడు చెంచాలు చాలు. డబ్బా నిండా అక్కర్లేదు, నింపితే మూత తీసినప్పుడు పొంగుతుంది. జిగట, రక్తం ఉన్న చోట నుంచి తప్పకుండా కొంచెం తీయండి, దొరికితే అక్కడే దొరుకుతుంది. మూత బిగించి పేరు, విరేచనం అయిన టైం రాయండి. ఆ టైం రాసేవాళ్లు చాలా తక్కువ, మాకు మాత్రం అది ఎంతో అవసరం.

చంటిబిడ్డకు డైపర్ వేస్తే తడంతా డైపరే పీల్చేస్తుంది. లోపలి వైపు ప్లాస్టిక్ ముక్క పెట్టి వేయండి. పాపాయి మూత్రం కలవకుండా చూడటం కష్టమే, వీలైనంత చేయండి.

ఇంటి నుంచి ల్యాబుకు గంట పడుతుంది. పరవాలేదా?

నీళ్ల విరేచనం అయితే పరవాలేదు అనలేను. పల్చటి మలంలో ఉండేది కదిలే రూపం. దాన్ని ట్రోఫోజాయిట్ అంటారు. బయటికి వచ్చాక అది ఎక్కువసేపు బతకదు. అరగంట లోపల పలక మీదికి రావాలి. మధ్యరకంగా ఉంటే గంట వరకు ఆగవచ్చు. గట్టి మలంలో ఉండేవి సిస్టులు, గుడ్లు. అవి మొండివి, అదే రోజు ఇస్తే చాలు, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున ఇచ్చినా చూడవచ్చు. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. పల్చటిదాన్ని ఫ్రిజ్‌లో పెడితే కదిలేవి చచ్చిపోతాయి.

సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటి అరగంటలో రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే నీళ్ల విరేచనాలు అవుతుంటే పెద్ద పేరున్న ల్యాబ్ కోసం ఊరు దాటకండి. ఇంటికి దగ్గర్లో మైక్రోస్కోప్, చూడగల మనిషి ఉన్న ల్యాబ్ మేలు. ఇంటికి వచ్చి తీసుకెళ్లే కుర్రాడు పదిళ్లు తిరిగి, సాయంత్రానికి సెంట్రల్ ల్యాబుకు చేర్చే పద్ధతి రక్తానికి సరిపోతుంది గానీ దీనికి సరిపోదు. అంతదూరం పంపక తప్పకపోతే ఫార్మలిన్ లాంటి ద్రవం ఉన్న డబ్బా ముందే అడిగి తెచ్చుకోండి. అందులో కదలిక కనబడదు గానీ సిస్టులు, గుడ్లు నిలుస్తాయి.

ఒకరోజు దాటిన మలంలో కొంకిపురుగు గుడ్లు పగిలి పిల్లపురుగులు బయటికి వస్తాయి. వాటిని చూసి ఇంకో రకం పురుగు అనుకునే ప్రమాదం ఉంది. టైం రాయమనేది ఇందుకే.

మెడికల్ షాపులో అడిగి మాత్రలు వేసుకున్నాం. ఇప్పుడు టెస్ట్ చేయించవచ్చా?

చేయించవచ్చు, కానీ ఏమీ కనబడకపోతే దాన్ని నమ్మలేం. మెట్రోనిడజోల్, కొన్ని యాంటీబయాటిక్స్ పరాన్నజీవుల సంఖ్యను బాగా తగ్గిస్తాయి గానీ పూర్తిగా చంపకపోవచ్చు. సాధారణంగా రెండు మూడు వారాలు ఆగి శాంపిల్ తీసుకోమంటారు. ఎక్స్‌రే కోసం తాగించే బేరియం, కొన్ని గ్యాస్ మందులు, ఆముదం కూడా పలకను మసకబారుస్తాయి. ముందు శాంపిల్ ఇచ్చి, తర్వాత మాత్ర వేసుకోవడమే సరైన వరస. అలాగని డాక్టర్ రాసిన మందును టెస్ట్ కోసం మీ అంతట మీరు ఆపకండి. ఏం వేసుకున్నారో ల్యాబులో చెప్పండి, చాలు.

పాపకు రాత్రిళ్లు కింద దురద, నిద్రలో పళ్లు కొరుకుతోంది. మోషన్ టెస్ట్‌లో ఏమీ లేదన్నారు.

పళ్లు కొరకడానికీ పురుగులకూ సంబంధం ఉందని గట్టిగా చెప్పలేం. రాత్రి దురద మాత్రం నులిపురుగు పనే కావచ్చు. దానికి మోషన్ టెస్ట్ సరైన పరీక్ష కాదు. ఆడపురుగు రాత్రి మలద్వారం బయటికి వచ్చి, చుట్టూ చర్మం మీద గుడ్లు పెట్టిపోతుంది. మలంలో ఆ గుడ్లు దొరికేది చాలా కొద్దిమందిలోనే.

దీనికి సెల్లోటేప్ పరీక్ష చేయాలి. పొద్దున పాప లేవగానే, స్నానం కాకముందే, కడగకముందే, పారదర్శకంగా ఉండే టేప్ ముక్క జిగురు వైపు మలద్వారం చుట్టూ మెల్లగా అద్ది, ల్యాబ్ ఇచ్చిన గాజు పలకకు అతికించి తీసుకురండి. తెల్లటి మ్యాట్ టేప్ వద్దు, అందులోంచి చూడలేం. వరసగా మూడు పొద్దులు చేస్తే దాదాపు దొరికిపోతుంది. తర్వాత మీ చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ గుడ్లు కొన్ని గంటల్లోనే ఇంకొకరికి అంటుకునేంతగా తయారవుతాయి. ఒకరికి దొరికితే ఇంట్లో అందరికీ మందు ఇస్తారు, దుప్పట్లు ఉతకమంటారు. ఇది అమ్మ శుభ్రంగా పెంచకపోవడం వల్ల వచ్చేది కాదు. ఎంత శుభ్రమైన ఇంట్లోనైనా బడికెళ్లే పిల్లలుంటే వస్తుంది. దయచేసి కోడలిని ఏమీ అనకండి.

రిపోర్టులో "పస్ సెల్స్ 4–6" అని ఉంది. టెన్షన్‌గా ఉంది.

అవి తెల్లరక్తకణాలు, పురుగులు కావు. కొద్దిగా కనబడితే దానికదే జబ్బు కాదు. ఎక్కువగా ఉండి, రక్తం, జ్వరం కూడా ఉంటే బ్యాక్టీరియా వల్ల కావచ్చు. అప్పుడు డాక్టర్ కల్చర్ రాస్తారు, బ్యాక్టీరియాను పెంచి చూసే వేరే పరీక్ష అది. ఈస్ట్ కణాలు, కూరగాయల నార, కొవ్వు బొట్లు అన్నీ రిపోర్టులో రాస్తాం, వాటికి భయపడక్కర్లేదు.

మావారికి అమీబా సిస్టులు ఉన్నాయని వచ్చింది. డాక్టర్ మందు ఇవ్వలేదు. ఎందుకు?

డాక్టర్ నిర్లక్ష్యం చేశారని అనుకోకండి. పేగుల్లో చాలా రకాల అమీబాలు ఉంటాయి, అన్నీ జబ్బు చేయవు. ఎంటమీబా కోలై అనేది ఎనిమిది కేంద్రకాలతో కనిపించే హానిలేని జీవి. పేరు చూసి దీన్ని ఈ-కోలై బ్యాక్టీరియా అనుకుని కంగారుపడేవాళ్లు ఉన్నారు, రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు.

అసలు చిక్కు నాలుగు కేంద్రకాల సిస్టుతో వస్తుంది. జబ్బు చేసే ఎంటమీబా హిస్టోలిటికా, జబ్బు చేయని ఎంటమీబా డిస్పార్, రెండిటి సిస్టులూ మైక్రోస్కోప్‌లో అచ్చం ఒకేలా ఉంటాయి. కదిలే అమీబా కడుపులో ఎర్రరక్తకణాలు కనబడితే అది హిస్టోలిటికా అని చెప్పవచ్చు. లేకపోతే యాంటిజెన్ పరీక్షో (ఆ జీవి ప్రోటీన్‌ను పట్టేది) పీసీఆరో (దాని డీఎన్‌ఏను పట్టేది) కావాలి. మీవారికి రక్త విరేచనాలు, కుడి పక్కటెముకల కింద నొప్పి, జ్వరం ఉన్నాయా లేదా అన్నది డాక్టర్ చూసుకునే నిర్ణయం తీసుకుంటారు. కాలేయంలో అమీబా గడ్డ కట్టిన రోగుల్లో చాలామందికి మోషన్ టెస్ట్‌లో ఏమీ దొరకదు. కాబట్టి ఆ నొప్పి ఉంటే మంచి రిపోర్టు చూసి ఊరుకోకండి, స్కానింగ్ అవసరం పడుతుంది.

మేం శాకాహారులం. మాకు బద్దెపురుగు భయం లేదు కదా?

పేగులో బద్దెపురుగు పెరిగేది సరిగా ఉడకని పంది, గొడ్డు మాంసం తిన్నవాళ్లలో. కానీ పంది బద్దెపురుగు ఉన్న మనిషి మలంలో దాని గుడ్లు ఉంటాయి. ఆ మలం తగిలిన నీళ్లు, పచ్చి ఆకుకూర, కడగని చేయి ద్వారా గుడ్లు ఎవరి నోట్లోకి వెళ్లినా, అవి మెదడుకు చేరి సిస్టులు కట్టవచ్చు. దాంతో ఫిట్స్ వస్తాయి. జీవితంలో మాంసం ముట్టనివాళ్లకు కూడా వస్తుంది. బెంగళూరులోని మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్ డాక్టర్లకు ఇది బాగా తెలిసిన జబ్బు. ఫిట్స్ వచ్చిన మనిషికి స్కానింగ్ చేస్తారు, మోషన్ టెస్ట్‌తో మెదడులోది తెలియదు. ఇంట్లో గుడ్లు వదులుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని వెతకడానికి మాత్రం మోషన్ టెస్ట్ పనికొస్తుంది. మలంలో తెల్లటి చదును ముక్కలు, సొరగింజల్లాంటివి కనబడితే డబ్బాలో వేసి తప్పకుండా తీసుకురండి.

అయితే వంట చేసే అక్కకు టెస్ట్ చేయించాలా?

చేయించాలనుకుంటే ఇంట్లో అందరూ చేయించుకోండి, ఆమె ఒక్కతే కాదు. ఆమె ఖర్చు మీరు పెట్టుకోండి, రిపోర్టు ముందు ఆమె చేతికే ఇవ్వండి. ఏమైనా వస్తే వైద్యం చేయించండి, పని మాన్పించకండి. ఎక్కువ పురుగులు ఒకటి రెండు రోజుల మందుతో పోతాయి. పోయిన జీతం అంత తొందరగా రాదు.

అపార్ట్‌మెంట్‌లో సగం మందికి విరేచనాలు. టెస్ట్‌లో ఎవరికీ ఏమీ రాలేదు. నీళ్లు బాగున్నట్టేనా?

అలా అనుకోలేం. వైరస్‌లు, బ్యాక్టీరియా ఈ పరీక్షలో కనబడవు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కూడా మామూలు పలక మీద దాదాపు కనబడదు. 4 నుంచి 6 మైక్రాన్లు మాత్రమే ఉంటుంది, దాన్ని ఎర్రగా చూపించే ప్రత్యేక రంగు వేయాలి. చీటీలో "మాడిఫైడ్ యాసిడ్ ఫాస్ట్" అని రాస్తేనే ల్యాబ్ చేస్తుంది. పైగా క్లోరిన్‌కు అది లొంగదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో శుద్ధి చేసిన కుళాయి నీళ్ల ద్వారానే ఇది దాదాపు 4 లక్షల మందికి అంటిందని లెక్కగట్టారు.

మన దగ్గర కావేరి నీళ్లు, బోరు, ట్యాంకరు అన్నీ ఒకే సంపులో కలుస్తాయి. సంపు పక్కనే డ్రైనేజీ లైన్ ఉన్న బిల్డింగులకు కొదవలేదు. నీళ్లను వేరే ల్యాబుకు ఇవ్వండి, సంపు గోడల్లో చీలికలు చూపించండి. ఈలోగా నీళ్లు తెర్లేలా కాచి తాగండి. ఒక నిమిషం బాగా మరిగితే ఈ సిస్టులన్నీ చచ్చిపోతాయి.

ఊరి నుంచి వచ్చిన మామయ్యకు స్టెరాయిడ్ మందు మొదలుపెట్టే ముందు మోషన్ టెస్ట్ అడిగారు. దేనికి?

ఆ డాక్టర్‌కు దండం పెట్టండి. జీవితమంతా పొలం మడిలో చెప్పుల్లేకుండా తిరిగినవాళ్లలో స్ట్రాంగైలాయిడ్స్ అనే సన్నటి పురుగు ఉండవచ్చు. మట్టిలోంచి పాదాల చర్మం ద్వారా లోపలికి వెళ్లి, ఒంట్లోనే మళ్లీ మళ్లీ పుట్టుకొస్తూ పదుల ఏళ్లు ఉండిపోగలదు. పెద్దగా బాధ ఉండదు. స్టెరాయిడ్‌తో ఒంటి రక్షణ తగ్గగానే ఊపిరితిత్తులతో సహా ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది. మలంలో దీని గుడ్లు కాదు, పిల్లపురుగులు కనిపిస్తాయి, అవీ చాలా తక్కువ. ఒక్క శాంపిల్‌తో ఇది తప్పిపోవడమే ఎక్కువ. అగార్ ప్లేట్ కల్చర్ (జెల్లీ లాంటి పదార్థం మీద మలం ఉంచి పురుగుల జాడ చూడటం), రక్తంలో యాంటీబాడీ పరీక్ష ఉన్నాయి. రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్లరక్తకణాలు) ఎక్కువుంటే అదొక సూచన, లేకపోయినా పురుగు లేదని కాదు.

కొంకిపురుగు వచ్చే దారీ ఈ పాదాలే. అది పేగు గోడను పట్టుకుని రక్తం పీలుస్తుంది. ఐరన్ మాత్రలు ఎన్ని వేసినా హిమోగ్లోబిన్ పెరగని అత్తయ్యలకు, గర్భిణులకు డాక్టర్ మోషన్ టెస్ట్ రాసేది అందుకే. గర్భం మొదటి మూడు నెలల్లో పురుగుల మందు ఆల్బెండజోల్ ఇవ్వరు, సొంతంగా కొని వేసుకోకూడదు.

బడిలో ఆల్బెండజోల్ మాత్ర వేశారు. ముందు టెస్ట్ చేయాలి కదా?

అక్కర్లేదు. ఫిబ్రవరి 10న, మళ్లీ ఆగస్టు 10న జరిగే జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం 2015లో మొదలైంది. 1 నుంచి 19 ఏళ్ల పిల్లలకు పరీక్ష లేకుండానే మాత్ర ఇస్తారు. కోట్లమంది పిల్లలకు టెస్టులు చేయడం కన్నా మాత్ర ఇవ్వడం చవక, క్షేమం కూడా. వేయించండి. అయితే ఆ ఒక్క డోసు కొరడాపురుగు (విప్‌వార్మ్) మీద అంతగా పనిచేయదు, జియార్డియాకూ సరిపోదు. మాత్ర వేశాక కూడా పిల్లాడికి జిడ్డుగా, కంపుకొట్టే విరేచనాలు వారాల తరబడి ఉంటే టెస్ట్ చేయించాల్సిందే.

పీసీఆర్ ప్యానెల్ చేయించుకోమంటున్నారు. అవసరమా?

జియార్డియా, హిస్టోలిటికా, క్రిప్టోస్పోరిడియం పట్టుకోవడంలో అది మైక్రోస్కోప్ కన్నా మేలు. కానీ ఖరీదు ఎక్కువ, పైగా చాలా ప్యానెళ్లు పురుగుల గుడ్లను వెతకవు. వారాల తరబడి తగ్గని విరేచనాలకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు అర్థం ఉంది. మామూలు కడుపునొప్పికి ముందు మూడు మంచి శాంపిళ్లు చూపించండి. డబ్బు ఇబ్బంది ఉంటే విక్టోరియా, బౌరింగ్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రులకు వెళ్లండి. మెడికల్ కాలేజీ ఉన్న చోట మైక్రోబయాలజీ విభాగం ఉంటుంది, పలకను ఇంకో కన్ను కూడా చూస్తుంది.

సిగ్గుగా ఉంది. మా అబ్బాయితో పంపించవచ్చా?

పంపించండి, పేరూ టైమూ రాసి ఉంటే చాలు. 1681లో డచ్ శాస్త్రవేత్త లీవెన్‌హుక్ తాను చేసిన లెన్స్ కింద తన విరేచనాన్నే పెట్టుకుని చూసి, అందులో కదులుతున్న చిన్న జీవుల గురించి ఉత్తరం రాశాడు. అది జియార్డియానే అని ఇప్పుడు అనుకుంటారు. మా పని అప్పటినుంచీ అదే. డబ్బా చూసి ముఖం చిట్లించే ల్యాబ్ అయితే ఇంకో ల్యాబుకు వెళ్లండి.

మందు వాడాం. మళ్లీ ఎప్పుడు టెస్ట్ చేయించాలి?

మర్నాడే తేకండి. చచ్చిన పురుగుల గుడ్లు కొన్నాళ్లు పడుతూనే ఉంటాయి. జియార్డియా, అమీబాకు బాధ తగ్గకపోతేనో డాక్టర్ అడిగితేనో, రెండు నుంచి నాలుగు వారాల తర్వాత చేయించండి. బద్దెపురుగుకు మాత్రం నెల తర్వాత ఒకసారి, మూడు నెలలకు ఇంకోసారి చూస్తారు. తల మిగిలిపోతే పురుగు మళ్లీ పెరుగుతుంది, ముక్కలు మళ్లీ కనబడటానికి అంత టైం కావాలి. వచ్చేటప్పుడు పాత రిపోర్టు వెంట తెండి. మొదటిసారి ఏది దొరికిందో తెలిస్తే, ఏ పద్ధతిలో వెతకాలో మాకు ముందే తెలుస్తుంది.